చోటు చాలలేదు

పోయిన వారం మన కథ ఆస్పత్రి వరండాలో ఆగింది. ఇవాళ ఇంటికొచ్చేశాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళు కంగారు పడకండి, ఎవరెవరో చెబుతాను.

ఇల్లు ఒకటే, వాటాలు రెండు. కింద పెద్దకోడలు, పైన చిన్నకోడలు. పెద్దకోడలు ఒక ప్రచురణ సంస్థలో ఎడిటర్. ఎవరో రాసినదాన్ని చక్కదిద్ది, సాపుచేసి అచ్చుకు పంపడం ఆమె పని. చిన్నకోడలు ఒక కాలేజీలో కౌన్సెలర్. చదువు భారం మొయ్యలేక ఏడుస్తూ వచ్చే పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడడం ఆమె పని. ఆ అనుభవమంతా కూడగట్టి చిన్నకోడలు ఒక పుస్తకం రాసింది. చదువుకీ, నిద్రకీ, స్నేహాలకీ, ఆటలకీ రోజులో తలా కాస్త చోటు ఎలా ఇచ్చుకోవాలో విద్యార్థులకు చెప్పే పుస్తకం. పేరు 'కాస్త ఊపిరి'. దాన్ని దిద్ది అచ్చువేయించింది ఎవరనుకున్నారు? పెద్దకోడలే. ఇప్పుడు ఏ హాస్టల్ గదిలో చూసినా ఆ పుస్తకమే. అట్ట మీద చిన్నకోడలి పేరు ఇంతింత అక్షరాల్లో. లోపలి పేజీలో పెద్దకోడలి పేరు, కళ్ళజోడు తుడుచుకుని వెతికితే కనిపిస్తుంది.

ఇక మూడో మనిషి పిట్ట. పెద్దకోడలి కూతురు. చిన్నప్పుడు ఆపకుండా కిచకిచలాడేది కనుక ఆ పేరు నిలిచిపోయింది. హాస్టల్లో ఉండి ఆర్కిటెక్చర్ చదువుతోంది. కాలేజీలో అట్టముక్కలతో ఇంటి నమూనా కడుతూ, చేతిలో కట్టర్ ఉండగానే కునుకు తీసింది. ఎడమ అరచెయ్యి తెగింది. 'సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మా?' అని కుట్లు వేస్తూ డాక్టరు అడిగితే పిట్ట నవ్వేసింది. ఆ నవ్వు చూసి పెద్దకోడలు వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అక్కడే కదూ మనం ఆగింది?

సరే, ఇప్పుడు వినండి. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తలకింద దిండు సర్ది, 'ఏం కావాలమ్మా?' అని తల్లి అడిగితే ఆ పిల్ల మొదట అన్న మాట ఏమిటో తెలుసా?

"పిన్ని ఏదమ్మా?"

పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. నరం తెగిందేమోనని డాక్టర్లు ఉంచిన రెండు రోజులూ ఆస్పత్రి కుర్చీలో నడుం వాల్చకుండా కూర్చున్నది తను. మందులకూ స్కానింగులకూ పరుగులు తీసింది తను. ఆఖరికి కావలసింది మాత్రం పిన్ని!

"కాలేజీ నుంచి ఇంకా రాలేదు. వస్తుందిలే. ముందు పాలు తాగు," అంది, గొంతులో ఏమీ కనిపించనివ్వకుండా. ఎడిటర్ కదా, పైకి కనిపించనివ్వకుండా కొట్టెయ్యడం బాగా అలవాటు.

పాలు కాయడానికి వంటింట్లోకి వెళ్ళిందో లేదో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. పిట్ట హైస్కూలుకు వచ్చినప్పటి నుంచీ ఆ మెట్ల మీద రాకపోకలు వింటూనే ఉంది. బడి నుంచి వచ్చి సంచీ కింద పారేసి పైకి పరుగెత్తేది పిట్ట. మార్కులొస్తే పైకి. స్నేహితురాలితో తగువొస్తే పైకి. కిందికి వచ్చేది ఆకలేసినప్పుడు. 'నేను హోటలు నడుపుతున్నాను, అది గుడి నడుపుతోంది' అని ఒకసారి మొగుడితో అంటే ఆయన పడీపడీ నవ్వాడు. అందులో నవ్వాల్సిందేముందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గదిలోంచి పిట్ట గొంతు ఎంత హుషారుగా వినిపిస్తోందో! తల్లి అడిగితే ఊ, ఆ అంటూ పొడిగా జవాబులిచ్చిన పిల్లేనా ఇది?

"పిన్నీ, నీ మీద కేసు వేస్తున్నాను. నీ పుస్తకం మీద. మంచి లాయర్ని చూసుకో."

"వెయ్యవే తల్లీ, వెయ్యి. ముందు ఆ చెయ్యి ఇటు చూపించు. అయ్యో, ఇవాళ కూడా ఎంత పెద్ద కట్టు! నొప్పిగా ఉందా? నిజం చెప్పు, నాకు కథలు చెప్పకు."

"నొప్పి కాదు పిన్నీ. లోపల పీకుతోంది."

'నాతో నొప్పే లేదంది' అనుకుంది పెద్దకోడలు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. పళ్ళు నూరుకుంటూ తుడిచి, గ్లాసులో పోసుకుని గది గుమ్మం దాకా వెళ్ళింది. చిన్నకోడలు కాలేజీ నుంచి వచ్చిన బట్టలతోనే, భుజానికి సంచీ కూడా తియ్యకుండా మంచం మీద కూర్చుని పిట్ట పాదాలు ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, నువ్వు కాస్త పడుకోరాదూ? కళ్ళు చూడు ఎలా పీక్కుపోయాయో. నేనుంటాను దీని దగ్గర."

కొత్తకోడలిగా వచ్చినప్పుడు 'మీరు' అనేది. ఎప్పుడు 'నువ్వు'లోకి దిగిందో తెలియదు. అప్పుడు ముద్దుగానే ఉండేది. ఇప్పుడు అది కూడా గుచ్చుకుంటోంది.

"నాకేం అలసట లేదు," అంది పెద్దకోడలు. "నా కూతురి దగ్గర నేనుండగలను."

'నా' అన్న మాట కాస్త గట్టిగానే పడింది. చిన్నకోడలు వినిపించుకోనట్టు ఊరుకుంది. అలా ఊరుకోవడం కూడా పెద్దకోడలికి నచ్చదు. ఎదురు తిరిగితే నాలుగు అనొచ్చు. ఊరుకున్న మనిషిని ఏమంటాం?

"కేసు సంగతి చెప్పవే," అంది చిన్నకోడలు పిట్ట బొటనవేలు లాగుతూ.

పిట్ట దిండు పక్కనుంచి పుస్తకం తీసింది. ఆస్పత్రికి కూడా వెంట తీసుకెళ్ళిన పుస్తకం. అంచులు నలిగి, మధ్యమధ్య రంగు కాగితాలు అంటించి, ఎన్నిసార్లు తిరగేసిందో చూడగానే తెలుస్తోంది. మంచి చేతితో తెరిచి చూపించింది.

"నువ్వేమన్నావు? చదువొక్కటే బతుకు కాదన్నావు. అందుకని నడకకు టైమ్ పెట్టాను. స్నేహితులకు పెట్టాను. పాటలు నేర్చుకోవడానికి పెట్టాను. అమ్మతో ఫోన్‌కి కూడా పెట్టాను."

గుమ్మంలో పెద్దకోడలు గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. రోజూ ఒకే వేళకు వచ్చి, ఠంచనుగా పెట్టేసే ఆ ఫోను సంగతి ఇదన్నమాట!

"బాగానే పెట్టావు కదే," అంది చిన్నకోడలు.

"బాగానే పెట్టాను. కానీ కాలేజీ పని తగ్గదు కదా? నమూనా బాలేదంటే మళ్ళీ మొదటి నుంచీ కట్టాలి. అది పెరిగినప్పుడల్లా నిద్రలోంచి తీసి అక్కడ పెట్టాను. నడక మానలేదు, పాట మానలేదు. నువ్వు అన్నీ చెయ్యమన్నావు పిన్నీ. ఏదైనా మానెయ్యొచ్చని ఎక్కడా అనలేదు. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వెతికాను. ఒక్క చోట కూడా లేదు."

నవ్వుతూ మొదలుపెట్టిన పిల్ల నవ్వుతూ ముగించలేకపోయింది. చిన్నకోడలి ముఖంలో కూడా నవ్వు పోయింది.

"రాశానే పిట్టా," అంది మెల్లగా. "అదే ఆఖరి చాప్టర్. పేరు 'ఇక చాలు'. అన్నిటికంటే ముందు మనసులో అనుకున్నది అదే, రాయడం మాత్రం అన్నిటికంటే ఆఖర్న రాశాను. అచ్చులో చోటు చాల్లేదని తియ్యాల్సి వచ్చింది. తర్వాతి ముద్రణలో పెడదాం అనుకున్నాం."

"చోటు చాల్లేదా?" పిట్ట తడి కళ్ళతోనే ఆశ్చర్యపోయింది. "మరి ఇవేంటి?"

పుస్తకం చివరికి తిప్పింది. అక్కడ వరసగా కొన్ని పేజీలు. పైన 'మీ సొంత టైమ్‌టేబుల్' అని శీర్షిక, కింద అడ్డగీతలు, అంతే. పిట్ట వాటి నిండా రాసుకుంది. నీలం సిరాతో చదువు, ఎర్ర సిరాతో మిగతా బతుకు. కొట్టివేతలు, బాణం గుర్తులు, మూలమూలల్లో ఇరికించిన గంటలు. సూది మోపే సందు లేదు. నిద్ర అని రాసిన చోటల్లా దాని మీద ఇంకోటి రాసి ఉంది.

పెద్దకోడలు ఆ పేజీల మీంచి చూపు తిప్పేసుకుంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. పుస్తకాన్ని పేజీ పేజీగా అచ్చు వెయ్యరు. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు వేసి, మడిచి, కోస్తారు. దాన్ని ఫారం అంటారు. కాబట్టి పుస్తకం ఎప్పుడూ నిండు ఫారాలతో ముగియాలి. రెండు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారం వెయ్యాలి, లేదంటే ఏదో ఒకటి కొయ్యాలి. తక్కువైతే చివర ఖాళీ పేజీలు మిగిలిపోతాయి. ఈ లెక్క అచ్చు తెలిసినవాళ్ళకు మంచినీళ్ళప్రాయం, రాసేవాళ్ళకు చాలామందికి అంతుపట్టదు. చిన్నకోడలికి అసలే పట్టదు. పైగా ఆమెకో భయం. అచ్చయిన తన పుస్తకం తెరిస్తే తప్పులు కనిపిస్తాయని అట్ట చూసి మురిసి బీరువాలో పెట్టేసింది. ఎవరైనా అడిగితే, 'అక్క చూసింది కదండీ, ఇంక నేను చూడ్డమెందుకు' అనేది.

ఇప్పుడు అక్క చూసిన ఆ పుస్తకాన్ని చిన్నకోడలు మొదటిసారి తెరిచింది. ఆ ఖాళీ పేజీలను ఒక్కొక్కటిగా తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. తను రాసిన చాప్టర్ ఎంత పొడవో ఆమెకు తెలుసు. అది పట్టేంత చోటు, ఎక్కువా కాదు తక్కువా కాదు, కళ్ళ ముందు కనిపిస్తోంది. తలెత్తి పెద్దకోడలి వైపు చూసింది. అలా చూసింది, అంతే.

పెద్దకోడలు పాల గ్లాసు బల్ల మీద పెట్టి, దాని మీద మూత పెట్టి, ఆ మూతను మళ్ళీ సరిచేసింది.

ఆ రోజు ఆమెకు ఎంత బాగా గుర్తుందో! ఆఫీసులో మధ్యాహ్నం. పక్క గదిలో పేజీలు పేర్చే ఆయన, 'అమ్మా, ఆ ఆఖరి చాప్టర్ ఇచ్చేస్తే ఫారం సరిగ్గా నిండుతుంది, మన అదృష్టం' అని సంబరపడ్డాడు. ఆమె ఎర్ర పెన్సిలు చెక్కుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం, 'మా ఇంట్లో ఒక అమ్మాయి ఉంది.' రెండోది, 'ఒకరోజు మెట్లెక్కి నా దగ్గరికి వచ్చి, నా ఒళ్ళో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.'

అంతే. ఇక చదవలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది. తన బిడ్డ ఏడ్చిందా? తన నెత్తి మీద, పై వాటాలో కూర్చుని ఏడ్చిందా? అది తనకు తెలియదా? తెలియకపోగా, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళందరికీ చదివి వినిపించేలా అచ్చు వెయ్యడం తన పనా? పిల్లను ఎటూ తీసేసుకుంది, ఆ తీసేసుకున్న వైనం కూడా పుస్తకంలో రాసుకుంటుందా? ఎన్నేళ్ళ ఉద్యోగంలోనూ రెండుసార్లు చదవకుండా ఒక్క ముక్క కొట్టెయ్యని మనిషి, ఆ చాప్టర్ మొత్తాన్ని మొదటి పేజీ కూడా పూర్తిచెయ్యకుండా అడ్డంగా కొట్టేసింది. 'ఇది వద్దు. చివర టైమ్‌టేబుల్ పేజీలు వెయ్యండి, పిల్లలకు పనికొస్తాయి' అంది పేజీలు పేర్చే ఆయనతో. ఇంటికొచ్చి, 'ఫారాలు నిండిపోయాయి, చోటు చాల్లేదు' అంది చిన్నకోడలితో. చిన్నకోడలు ముఖం చిన్నబుచ్చుకుని, 'సరేలే అక్కా, నీకు తెలియనిదేముంది' అంది.

పిల్లలకు పనికొస్తాయి! అవును, పనికొచ్చాయి. తన పిల్లకే పనికొచ్చాయి.

"అందులో ఏం రాశావు పిన్నీ?" పిట్ట లేచి కూర్చుంది. "గుర్తుందా?"

"రాసినదాన్ని నేనే కదా, గుర్తుండదూ?" చిన్నకోడలు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరి వైపూ చూడకుండా, దుప్పటి అంచు సవరిస్తూ చెప్పింది. "మా ఇంట్లో ఒక అమ్మాయి ఉందని మొదలుపెట్టాను. నీ గురించేనే. ఆ రోజు పైకొచ్చి ఏడ్చావు చూడు, ఆ సంగతే. టైమ్‌టేబుల్ నువ్వు రాసుకున్నదే కాబట్టి చింపేసే హక్కు కూడా నీదే అని రాశాను. వాయిదా వెయ్యి, మానెయ్యి, ఒక సబ్జెక్టు పోతే పోనీ, నువ్వు ఉంటే అన్నీ మళ్ళీ వస్తాయని రాశాను."

"ఇంకా?"

"ఇంకా..." చిన్నకోడలు ఆగింది. గుమ్మం వైపు ఒక్క క్షణం చూసి కళ్ళు దించుకుంది. "ఇక చాలు అనే మాట మనకు మనం చెప్పుకోలేం, ఎవరైనా చెప్పాలి అని రాశాను. 'ఆ అమ్మాయికి నేను ఎన్నో మాటలు చెప్పాను, ఒక్కటీ లోపలికి వెళ్ళలేదు. అప్పుడు ఒకటే చెప్పాను. కిందికి వెళ్ళు. మీ అమ్మ దగ్గరికి వెళ్ళు. నాతో చెప్పినవన్నీ ఆవిడతో చెప్పు. నేను చదువుకుని నేర్చుకున్నదంతా కలిపినా, ఆవిడ నీ తల మీద చెయ్యి వేసి చాలమ్మా అన్నదానికి సరిపోదు. పుస్తకం మూసెయ్యండి పిల్లలూ, మీ వాళ్ళు ఎవరున్నారో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.' అలా ముగించాను."



పెద్దకోడలు తలుపు చెక్క పట్టుకుంది. మొదటి రెండు వాక్యాలు చదివి కొట్టేసిన చాప్టర్ చివర తనే ఉంది! ఇన్నాళ్ళూ ఏ మాట కోసం కడుపు మండించుకుందో ఆ మాట తన పేరు మీద రాసి, తన బల్ల మీదకే వచ్చింది. తన ఎర్ర పెన్సిలే దాన్ని కొట్టేసింది. ఏడుద్దామంటే కన్నీళ్ళు కూడా రాలేదు.

ఇంతకీ, ఆ క్షణంలో ఆమెకు సిగ్గు మాత్రమే కలిగిందనుకుంటే పొరపాటు. మనుషులు అంత తొందరగా మారరు. 'ఇంత మంచిగా రాయాలా? నా గురించి కూడా నాకంటే బాగా దానికే తెలియాలా?' అని ఆ కుళ్ళు ఇంకోసారి తలెత్తింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

"నువ్వలా అన్నావు, నాకు గుర్తుంది," అంది పిట్ట. "నేను కిందికి వచ్చాను కూడా."

"వచ్చావా?" ఈ మాట పెద్దకోడలి నోటి నుంచి దానంతటదే వచ్చేసింది.

"వచ్చానమ్మా. నువ్వు ప్రూఫులు దిద్దుకుంటున్నావు. 'ఏంటమ్మా' అన్నావు, తలెత్తలేదు. పిన్ని పుస్తకమే అనుకుంటా. ముఖం చాలా చిరాగ్గా ఉంది. ఏం లేదులే అని వెళ్ళిపోయాను." పిట్ట గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఎక్కువ బాధించింది. "మర్నాడు హాస్టల్‌కి వెళ్ళిపోయాను. తర్వాత పుస్తకం వచ్చింది. పిన్ని చెప్పింది మళ్ళీ అందులో ఉంటుందేమో, ఈసారైనా ధైర్యం చేసి నీకు చెబుదాం అనుకుని వెతికాను. లేదు. నేనే ఎక్కువ ఊహించుకున్నానేమో, అందరూ తట్టుకుంటున్నారు, నేనే తట్టుకోలేకపోతున్నానేమో అనుకున్నాను."

ఆ తర్వాత అడిగింది. అడగాల్సిందే అడిగింది.

"అంత చోటుంటే ఎవరు తీసేశారు పిన్నీ?"

చిన్నకోడలు పుస్తకం అట్టను చేత్తో నిమిరింది. ఇప్పుడు చెప్పేస్తుంది. చెప్పాలి కూడా. ఆమె స్థానంలో పెద్దకోడలే ఉంటే ఒక్క క్షణం ఆగేది కాదు.

"నేనే," అంది చిన్నకోడలు.

"నువ్వా?"

"ఊఁ. చోటు సంగతి అబద్ధమే పిట్టా. ఆఖరి నిమిషంలో నాకే జంకు పుట్టింది. మన ఇంటి సంగతి పదిమందిలో పెట్టడమెందుకని తీసెయ్యమన్నాను. అక్క వద్దంది కూడా. నేనే వినలేదు."

ఎంత తేలిగ్గా అందో! కాస్త తడుముకోవడం కూడా లేదు. పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ గొంతు వణకకుండా ఉంచుకోవడం నేర్చుకున్న మనిషి.

పిట్ట పిన్ని ఒళ్ళోంచి పాదాలు తీసేసుకుంది. మోకాళ్ళు ముడుచుకుంది. "నా గురించి రాయడానికి నీకు సిగ్గేసిందా?" అంది. "నేను ఆ ఒక్క మాట కోసం ఎంత వెతుక్కున్నానో తెలుసా నీకు? ఆ పేజీలు ఉండుంటే నేను..." మాట పూర్తికాలేదు. కట్టుకట్టిన చెయ్యి తల్లి వైపు చాచింది. "అమ్మా, ఇలా రావూ?"

పెద్దకోడలు వెళ్ళింది. పిట్ట ఆమె చెయ్యి పట్టుకుని, నడుముకు తల ఆనించి, చిన్నప్పటిలా ముఖం దాచుకుంది. "పిన్ని తీసేస్తానంటే నువ్వు ఊరుకోలేదన్నమాట. నువ్వే నా పక్షాన మాట్లాడావన్నమాట. నాకు తెలుసమ్మా, నీ చేతిలో ఉంటే నువ్వు తియ్యనిచ్చేదానివి కాదు."

చూశారా! ఏళ్ళ తరబడి కోరుకున్నది అదిగో, చేతిలో ఉంది. కూతురు తన కొంగులో ముఖం దాచుకుంది, పిన్ని వైపు వీపు పెట్టింది. చిన్నకోడలు లేచి, సంచీ సర్దుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక కిటికీ దగ్గర నిలబడింది. పెద్దకోడలికి కలిగిన సంతోషం ఎంతసేపుందో చెప్పమంటారా? పిట్ట తల నిమరడానికి చెయ్యెత్తి, 'తల మీద చెయ్యి వేసి' అని ఇందాక విన్న మాట గుర్తొచ్చి ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయేంతసేపు. ఇది కూడా చిన్నకోడలు ఇచ్చిందే. కూతుర్ని ఆవిడే ఇచ్చింది, అన్నం పెట్టి విస్తరి ఎదురుగా తోసినట్టు ఇచ్చేసి తను తప్పుకుంది.

బల్ల మీద పెద్దకోడలి ఫోను మోగింది.

ఆమె కదల్లేదు. చెయ్యి పిట్ట చేతిలో ఉంది. పిట్టే ముక్కు తుడుచుకుని, మంచి చేతితో ఫోను అందుకుని, పేరు చూసి స్పీకర్ నొక్కింది.

"మేడమ్, శుభవార్త!" పబ్లిషర్ గారి గొంతు గది నిండా వినిపించింది. ఆయనది ఎప్పుడూ గొంతు చించుకునే ధోరణే. వెనక అచ్చు యంత్రాల హోరు ఒకటి. "'కాస్త ఊపిరి' రెండో ముద్రణ మెషిన్ ఎక్కిస్తున్నాం. ఈసారి కాలేజీలకు కాలేజీలే అడుగుతున్నాయి. మార్పులేమైనా ఉన్నాయా? లేకపోతే ఉన్నది ఉన్నట్టే కొట్టించేస్తాను."

ఉన్నది ఉన్నట్టే. అంటే మళ్ళీ అవే ఖాళీ పేజీలు, అవే గీతలు. ఎన్ని హాస్టళ్ళలో, ఎందరు పిల్లలు వాటి నిండా గంటలు ఇరికించుకుంటారో!

పిట్ట తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. "చెప్పమ్మా. ఆ చాప్టర్ పెట్టమని చెప్పు. పిన్ని వద్దన్నా సరే."

"మెషిన్ ఆపించండి," అంది పెద్దకోడలు.

"ఆఁ? ఆపడమేంటి మేడమ్? కాగితం కూడా ఎక్కించేశారు."

"ఆపించండి. ఒక చాప్టర్ వదిలేశాం. అది లేకుండా ఒక్క కాపీ కూడా బయటికి వెళ్ళకూడదు."

"వదిలేశామా? మీ చేతి మీదుగా వెళ్ళిన పుస్తకంలో చాప్టర్ వదిలెయ్యడమా?" ఆయన నమ్మలేకపోయాడు. "ఏం జరిగింది? రచయిత్రి గారేమైనా వెనక్కి తీసుకున్నారా?"

కిటికీ దగ్గర చిన్నకోడలు గబగబా తలూపింది. అవునని చెప్పేయమన్నట్టు. నాకేం ఫరవాలేదన్నట్టు. పిల్ల కోలుకోనీ, ఈ ఒక్కసారికి ఇలాగే పోనీ అన్నట్టు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి, పెదాల మీద మాత్రం నవ్వు నిలబెట్టుకుంది.

ఆ నవ్వు చూడగానే పెద్దకోడలికి మళ్ళీ ఒళ్ళు మండింది. పుస్తకం నీది. పేరు నీది. పిల్లల దీవెనలు నీవి. నా కూతురి ఏడుపు నీది, నవ్వు నీది. చివరికి నేను చేసిన తప్పు కూడా నీకే కావాలా? అది కూడా నీ ఖాతాలో వేసుకుని, దాంతో కూడా మంచిదానివనిపించుకుంటావా? ఇవ్వను. ఈ ఒక్కటి మాత్రం చచ్చినా ఇవ్వను. ఇది నాది.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఆమె కుళ్ళు ఆమెతో మంచి పని చేయించబోవడం ఇదే మొదటిసారి.

"మేడమ్? ఉన్నారా?"

"ఉన్నాను," అంది పెద్దకోడలు. పిట్ట వేళ్ళు ఆమె వేళ్ళ మధ్య వెచ్చగా, నమ్మకంగా ఉన్నాయి. ఆ వెచ్చదనాన్ని ఇంకొక్క క్షణం ఉంచుకుంది. తర్వాత ఫోను వైపు కాకుండా, కూతురి ముఖంలోకి చూస్తూ నోరు తెరిచింది.

"రచయిత్రి గారు కాదండీ. ఆ చాప్టర్ కొట్టేసిన ఎర్ర పెన్సిలు..."

పిట్ట వేళ్ళు ఒక్కసారిగా కదలకుండా ఆగిపోయాయి.